జాన్ రాక్: కథోలిక విశ్వాసం, గర్భనిరోధక మాత్ర

గర్భనిరోధక మాత్ర చరిత్రలో నాలుగు పేర్లు తప్పక వినిపిస్తాయి: ఉద్యమాన్ని నడిపిన మార్గరెట్ శాంగర్, పరిశోధనకు డబ్బు సమకూర్చిన కేథరిన్ మెకార్మిక్, ప్రయోగశాలలో ఆ పనిని ముందుకు తీసుకుపోయిన జీవశాస్త్రవేత్త గ్రెగరీ పింకస్, ఆ మందును స్త్రీలకిచ్చి పరీక్షించిన వైద్యుడు జాన్ రాక్. వీరిలో మొదటి ముగ్గురూ కథోలిక శ్రీసభ మాటకు కట్టుబడినవారు కారు. నాలుగో వ్యక్తి జాన్ రాక్ మాత్రం రోజూ ఉదయం ఏడు గంటలకు దివ్యబలిపూజకు వెళ్లి, ఆ తరువాతే ఆసుపత్రికి వచ్చే విశ్వాసి. తన గదిలో బల్లకు ఎదురుగా గోడకు సిలువను తగిలించుకుని, ఆ గదిలోనే శ్రీసభ నిషేధించిన దానికి శాస్త్రీయమైన మార్గం వెతికిన హార్వర్డ్ ఆచార్యుడు. విశ్వాసం ఒక గదిలోనూ విజ్ఞానం మరొక గదిలోనూ ఉండాలన్న సర్దుబాటును ఆయన అంగీకరించలేదు. రెండూ ఒకే సత్యాన్ని చెప్పితీరాలని పట్టుబట్టారు కాబట్టే ఆయన ప్రయత్నమూ, ఆ ప్రయత్నం విఫలమైన తీరూ ఈనాటికీ పరిశీలించదగినవి.

రాక్ 1890లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, మార్ల్‌బరో పట్టణంలో, ఒక ఐరిష్ కథోలిక కుటుంబంలో పుట్టారు. మనస్సాక్షిని మరొకరి చేతికి అప్పగించవద్దని చిన్ననాట తన ఊరి విచారణ గురువు చెప్పిన మాటను ఆయన ముసలితనం దాకా తలచుకుంటూనే ఉన్నారు. 1918లో హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తి చేసి, బోస్టన్‌ను ఆనుకుని ఉన్న బ్రూక్‌లైన్‌లోని స్త్రీల ఆసుపత్రిలో సంతానలేమికి చికిత్స చేసే విభాగాన్ని నడిపారు. పిల్లలు కావాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన దంపతులే ఆయన వద్దకు ఎక్కువగా వచ్చేవారు. 1944లో ఆయన తన సహాయకురాలు మిరియం మెంకిన్‌తో కలిసి, మానవ అండాన్ని శరీరం వెలుపల గాజుపాత్రలో ఫలదీకరించినట్లు ప్రకటించడం కూడా ఆ అన్వేషణలో భాగమే. అయితే వరుస కాన్పులతో గర్భసంచి దెబ్బతిని, రక్తహీనతతో, ఇంకొక బిడ్డను మోసే శక్తి లేక వచ్చిన పేద స్త్రీలను కూడా ఆయన అదే ఆసుపత్రిలో చూశారు. ఆ రాష్ట్రంలో 1879 నాటి చట్టం ప్రకారం గర్భనిరోధక సాధనాలను ఇవ్వడం అప్పట్లో నేరం. ఆ చట్టాన్ని తొలగించమని 1931లో 15 మంది బోస్టన్ వైద్యులు అర్జీ పెట్టినప్పుడు, సంతకం చేసినవారిలో కథోలికుడు ఆయన ఒక్కరే.

ఆయన ఎదిరించవలసి వచ్చిన బోధన ఏమిటో ఇక్కడ కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలు ఎంతమంది ఉన్నా కంటూనే ఉండాలని శ్రీసభ చెబుతుందన్న అపోహ చాలామందిలో ఉంది. శ్రీసభ వాదం ప్రకృతి ధర్మం అనే భావన మీద నిలుస్తుంది. అంటే సృష్టికర్త ప్రతి మానవ చర్యలోనూ ఒక ప్రయోజనాన్ని నిక్షిప్తం చేశాడని, బుద్ధితో దాన్ని గ్రహించి ఆ ప్రయోజనానికి విరుద్ధంగా నడవకపోవడమే నీతి అని అర్థం. దాంపత్య సంయోగానికి ప్రేమైక్యం, సంతానం అనే రెండు ప్రయోజనాలు ఉన్నాయని, ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని బుద్ధిపూర్వకంగా తుంచివేయడం తప్పని ఆ బోధన సారాంశం. 1930 ఆగస్టులో ఆంగ్లికన్ పీఠాధిపతులు లాంబెత్ మహాసభలో గర్భనిరోధానికి పరిమితమైన అనుమతి ఇవ్వగా, అదే ఏడాది డిసెంబరు 31న పదకొండవ పయస్ పోపు ‘కాస్తీ కొనూబీ’ అనే విశ్వలేఖ ద్వారా, అంటే పోపు ప్రపంచంలోని శ్రీసభ అంతటికీ రాసే బోధనా లేఖ ద్వారా, ఆ అనుమతిని గట్టిగా తోసిపుచ్చారు. సరిగ్గా ఆ కాలంలోనే జపాన్‌లో ఒగీనో, ఆస్ట్రియాలో క్నౌస్ అనే వైద్యులు వేరువేరుగా, అండం తరువాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు విడుదలవుతుందని నిరూపించారు. ఆ రోజులను తప్పిస్తే గర్భం రాదు గనుక మిగిలినవి సురక్షిత దినాలు అయ్యాయి. తగిన కారణం ఉన్న దంపతులు ఆ దినాలను ఆశ్రయించవచ్చునని పన్నెండవ పయస్ పోపు 1951 అక్టోబరులో ఇటలీ మంత్రసానుల సభలో స్పష్టం చేశారు.

ఈ అనుమతిలోనే రాక్ తన వాదానికి బీజం చూశారు. సంతానాన్ని పరిమితం చేసుకోవాలనే ఉద్దేశం దోషం కాదని పోపే ఒప్పుకున్నాక, మిగిలింది పద్ధతి గురించిన ప్రశ్న మాత్రమే అని ఆయన భావించారు. నిజానికి 1936లోనే ఆయన తన ఆసుపత్రిలో సురక్షిత దినాలను లెక్కకట్టడం నేర్పే విభాగం ఒకటి తెరిచారు. నెలసరి సక్రమంగా రాని స్త్రీలకు ఆ లెక్క ఎంతగా తప్పుతుందో, ఒక రోజు తేడా ఒక కాన్పుగా ఎలా మారుతుందో ఆయనకు తెలిసినంతగా వాటికన్‌లో ఎవరికీ తెలిసే అవకాశం లేదు.

మాత్ర వెనుక ఉన్న శరీరధర్మం సరళమైనదే. అండం విడుదలైన తరువాత, అది వెలువడిన చోట అండాశయంలో ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. హార్మోన్ అంటే ఒక అవయవంలో పుట్టి రక్తం ద్వారా మరో అవయవానికి ఆజ్ఞను మోసుకుపోయే పదార్థం. ఈ ప్రొజెస్టిరాన్ గర్భసంచిని పిండం కోసం సిద్ధం చేస్తూనే, మరొక అండం విడుదల కాకుండా ఆపుతుంది; గర్భవతికి మళ్లీ గర్భం రాకపోవడానికి కారణం అదే. రాక్ 1950ల ఆరంభంలో సంతానలేమితో బాధపడే 80 మంది స్త్రీలకు ప్రొజెస్టిరాన్‌ను, ఈస్ట్రోజెన్ అనే మరో స్త్రీ హార్మోన్‌తో కలిపి కొన్ని నెలలు ఇచ్చి ఆపగా, తరువాతి కొద్ది నెలల్లోనే వారిలో 13 మంది గర్భం దాల్చారు. అండాశయానికి విశ్రాంతి ఇస్తే అది బలపడి పని మొదలుపెడుతుందని ఆయన నమ్మకం. అదే హార్మోన్‌తో పింకస్, ఆయన సహచరుడు చాంగ్ కుందేళ్లలో అండం విడుదలను ఆపుతున్నారు. ఒకరు గర్భం రావడానికీ మరొకరు గర్భం రాకుండా ఉండడానికీ ఒకే పదార్థాన్ని వాడుతున్న వింత స్థితిలో ఇద్దరూ చేతులు కలిపారు. గర్భనిరోధం నేరమైన రాష్ట్రంలో ఆ పేరుతో పరిశోధన చేయడం కుదరదు గనుక, 1954లో 50 మంది స్త్రీలతో మొదలైన పరీక్ష సంతానలేమి అధ్యయనంగానే సాగింది. నోటి ద్వారా పనిచేసే కృత్రిమ ప్రొజెస్టిరాన్‌లను నెలసరి ఐదో రోజు నుంచి 20 రోజుల పాటు ఇచ్చి ఆపగా, మందు వాడిన నెలల్లో అండం విడుదల ఆగిపోయింది. మందు ఆపాక వారిలో ఏడుగురు గర్భవతులయ్యారు.

ఆ 20 రోజుల లెక్క దగ్గర కొంచెం ఆగాలి. మాత్రను ఆపకుండా వాడితే నెలసరి రాకుండానే గడిచిపోతుంది. కానీ నెలనెలా రక్తస్రావం కనిపిస్తే స్త్రీకి తాను గర్భవతి కాననే ధైర్యం ఉంటుందని, శరీరం తన సహజ క్రమాన్ని తప్పలేదనే భావం కలుగుతుందని పరిశోధకులు మధ్యలో విరామం పెట్టారు. అండమే విడుదల కాని ఆ నెలలో వచ్చేది అసలైన నెలసరి కాదు, హార్మోన్ నిలిపివేసినందువల్ల కలిగే స్రావం. రాక్ వాదానికి కావలసిన సహజత్వం ఇలా మాత్ర అట్టలోనే, తేదీల లెక్కలోనే అమరిపోయింది. ఈనాడు ఆంధ్ర, తెలంగాణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టను చేతిలోకి తీసుకుంటే ఆ లెక్క వారసత్వం కనిపిస్తుంది: అందులోని 28 మాత్రల్లో 21 మాత్రమే హార్మోన్ మాత్రలు, మిగిలిన ఏడూ వాడుక తప్పకుండా ఉండడానికి, రక్తహీనతకు ఉపయోగపడడానికి చేర్చిన ఐరన్ మాత్రలు.

రాక్ మీద గౌరవం ఉన్న రచయితలు త్వరగా దాటేసే ఘట్టం ఒకటుంది. అమెరికా చట్టాల ఇబ్బంది లేని చోటు కోసం పరిశోధక బృందం 1956లో ప్యూర్టో రికో ద్వీపానికి వెళ్లి, రియో పియెద్రాస్ అనే చోట ప్రభుత్వ గృహ సముదాయంలో నివసించే పేద స్త్రీలకు మాత్రను ఇచ్చింది. గర్భం రాకుండా చేసే మందు అని వారికి చెప్పారు గాని, అది ఇంకా పరీక్షలో ఉన్న మందని చెప్పలేదు. ఆనాటి మాత్రలో హార్మోన్ మోతాదు ఇప్పటి మాత్రలతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడి పనిని పర్యవేక్షించిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే, మాత్ర వాడినవారిలో 17 శాతం మందికి వికారం, తల తిరగడం, తలనొప్పి, వాంతుల వంటి బాధలు కలిగాయని, ఇన్ని బాధలున్న మందు అందరికీ పనికిరాదని రాసినా, బోస్టన్ బృందం ఆ బాధల్లో చాలా భాగం మనసు కల్పించినవేనని తేలికగా తీసుకుంది. పరీక్ష కాలంలో ముగ్గురు స్త్రీలు మరణించినా శవపరీక్ష జరపలేదు గనుక కారణం ఎప్పటికీ తేలలేదు. పోపు ముందు మనస్సాక్షి స్వేచ్ఛను అంత నిబ్బరంగా కోరిన మనిషి, తెలిసి నిర్ణయించుకునే అదే స్వేచ్ఛను ప్యూర్టో రికో స్త్రీకి ఇవ్వడానికి శ్రద్ధ చూపలేదు. ఆనాటి వైద్యరంగమంతా అలాగే ఉండేదని చెప్పడం నిజమే అయినా, అది ఆయనకు పూర్తి సమాధానం కాదు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1957లో ఈనోవిడ్ అనే పేరుతో ఆ మాత్రను నెలసరి రుగ్మతలకు మందుగా, 1960లో గర్భనిరోధకంగా అనుమతించింది. ఈ రెండు అనుమతుల నడుమ శ్రీసభలో జరిగినది ఆసక్తికరమైనది. 1958 సెప్టెంబరులో, తన మరణానికి కొద్ది వారాల ముందు, పన్నెండవ పయస్ పోపు రక్తవైద్య నిపుణుల సభలో మాట్లాడుతూ, గర్భసంచి రుగ్మతకు చికిత్సగా ఇటువంటి మందును వాడితే, తాత్కాలికంగా గర్భం రాకపోవడమనే ఫలితం అనుకోకుండా వెంట వచ్చినా దోషం లేదని, గర్భం రాకుండా ఉండాలనే వాడితే మాత్రం అది నిషిద్ధమని చెప్పారు. నీతిశాస్త్రంలో దీన్ని ద్వివిధ ఫల సూత్రం అంటారు: మంచి ఉద్దేశంతో చేసిన చర్యకు కోరని దుష్ఫలితం తోడుగా వస్తే, ఆ ఫలితం కోసమే చేసిన చర్యతో దాన్ని సమానంగా చూడకూడదన్నది దాని భావం. ఒకే మాత్ర ఒకే శరీరంలో ఒకే పని చేస్తుండగా, వేసుకున్న స్త్రీ ఉద్దేశాన్ని బట్టి అది ఒకసారి ధర్మమూ మరొకసారి అధర్మమూ అవుతుందన్నమాట.

రాక్ ఈ తేడాను ఒప్పుకోలేదు. 1963లో ‘సమయం ఆసన్నమైంది’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రచురించిన తన పుస్తకంలో ఆయన తన వాదాన్ని సామాన్య పాఠకుల ముందు పెట్టారు. రబ్బరు సాధనం బయటినుంచి తెచ్చిపెట్టిన అడ్డు. మాత్ర అలా కాదు, గర్భిణిలో ప్రకృతి స్వయంగా చేసే పనినే ప్రకృతి తయారుచేసే పదార్థానికి సాటివచ్చే పదార్థంతో చేస్తుంది. కాబట్టి అది సురక్షిత దినాలను పొడిగించడమే తప్ప సంయోగ చర్యను వికృతం చేయడం కాదు అన్నది ఆ వాదం. మానవ బుద్ధి కూడా ప్రకృతిలో భాగమే గనుక, శరీరం తప్పించుకోలేని లోపాన్ని బుద్ధి సరిదిద్దడం సృష్టికర్త ఉద్దేశానికి అనుగుణమేనని ఆయన నమ్మారు. డెబ్బై దాటిన వయసులో, తెల్లని జుట్టుతో, నిదానమైన మాటతో ఆయన టెలివిజన్లోనూ పత్రికల్లోనూ కనిపించి ఈ మాట చెబుతుంటే, మాత్ర వేసుకోవాలా వద్దా అని గుంజాటన పడుతున్న ఎందరో కథోలిక తల్లులకు అది తమ మతంలోని పెద్దమనిషి ఇచ్చిన భరోసాగా వినిపించింది.

అప్పటికి శ్రీసభ కూడా ఆలోచనలో పడింది. ఇరవై మూడవ జాన్ పోపు 1963లో ఆరుగురు సభ్యులతో ఒక సంఘాన్ని నియమించగా, తరువాత వచ్చిన ఆరవ పాల్ పోపు దాన్ని విస్తరించి, వేదాంతులు, వైద్యులు, పీఠాధిపతులతో పాటు కొద్దిమంది దంపతులను కూడా చేర్చారు. షికాగోకు చెందిన ప్యాట్రిక్, ప్యాట్రీషియా క్రౌలీ దంపతులు తాము నడిపిన కథోలిక కుటుంబాల ఉద్యమంలోని ఇతర దంపతుల నుంచి లేఖలు సేకరించి తెచ్చి ఆ సంఘం ముందు చదివారు. థర్మామీటరు, క్యాలెండరు పట్టుకుని కాపురం చేయవలసి వచ్చిన విశ్వాసులు, దానివల్ల ప్రేమ పెరిగిందని కాదు, భయం పెరిగిందని రాసిన ఆ లేఖలు అక్కడున్న అవివాహిత గురువులను కదిలించాయి. 1966లో సంఘంలో అత్యధికులు బోధన మారవచ్చునని తేల్చారు. ఆ నివేదిక మరుసటి ఏడాది పత్రికలకు చిక్కడంతో మార్పు తప్పదని ప్రపంచమంతా అనుకుంది. కానీ 1968 జులై 29న వెలువడిన ‘హ్యూమానే వీతే’ విశ్వలేఖలో ఆరవ పాల్ పోపు, అల్పసంఖ్యాకుల అభిప్రాయం వైపు నిలిచి, గర్భం రాకుండా చేసే ఉద్దేశంతో వాడే మాత్రతో సహా కృత్రిమ పద్ధతులన్నిటినీ నిషేధించారు. చికిత్స కోసం వాడే మందుకూ సురక్షిత దినాలకూ ఉన్న పాత అనుమతులు అలాగే నిలిచాయి.

రాక్ ఓడిపోయిన చోటు ఎక్కడ? ఆయన శరీరధర్మ శాస్త్రం తప్పు కాదు. శ్రీసభ అడిగిన ప్రశ్న పదార్థం సహజమా కృత్రిమమా అన్నది కాదు. ఆ చర్యలో మనిషి ఏం కోరుకున్నాడన్నది. ప్రొజెస్టిరాన్ దేహంలో పుట్టినదైనా, దాన్ని ఎందుకు మింగారన్న ప్రశ్నకు రసాయనశాస్త్రం జవాబివ్వదు. ఆయన వాదంలో బలమైన భాగం హార్మోన్ గురించిన మాట కాదు, ఉద్దేశం గురించిన మాట: రోజులు లెక్కపెట్టి దూరంగా ఉండే దంపతులూ, మాత్ర వేసుకునే దంపతులూ కోరేది ఒక్కటే అయినప్పుడు, ఒకరు పుణ్యాత్ములూ మరొకరు పాపులూ ఎలా అవుతారని ఆయన అడిగి ఉండవలసింది, మరింత గట్టిగా, మరింత ఓపికగా. సంఘంలోని అధికసంఖ్యాకులు ఆ దారినే పట్టి, ప్రతి చర్యనూ విడిగా కాక దాంపత్యాన్ని మొత్తంగా చూడాలన్నారు. మాత్ర ఎంత సహజమైనదో నిరూపించే ఉత్సాహంలో, రాక్ తన చర్చను ప్రత్యర్థి ఎప్పుడైనా తోసివేయగల చోట నిలబెట్టారు. విశ్వాసాన్నీ విజ్ఞానాన్నీ సమన్వయం చేయబూనినవారు చాలా తరచుగా చేసే పొరపాటు ఇదే. విజ్ఞానం ఇచ్చిన సత్యానికి నీతి నిర్ణయించే అధికారాన్ని కూడా అంటగట్టడం.

‘హ్యూమానే వీతే’ విశ్వలేఖలోనే, 24వ పేరాలో, సహజ దినాలను మరింత నమ్మకంగా గుర్తించే మార్గం కనుగొనమని శాస్త్రవేత్తలకు పోపు చేసిన విన్నపం ఒకటుంది. మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, ఎవెలిన్ బిల్లింగ్స్ అనే కథోలిక వైద్య దంపతులు అప్పటికే అటువంటి పనిలో ఉన్నారు. గర్భసంచి ముఖద్వారంలో ఊరే జిగురు, అండం విడుదలయ్యే ముందు పల్చగా, సాగేలా, జారుడుగా మారుతుందని, స్త్రీ తానే దాన్ని గమనించి ఆ రోజులను తెలుసుకోవచ్చునని వారు చూపగా, అదే నగరంలోని జేమ్స్ బ్రౌన్ మూత్రంలో ఈస్ట్రోజెన్‌ను కొలిచి ఆ గుర్తు సరైనదేనని నిర్ధారించారు. 1970లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు, ఎంచుకున్న కేంద్రాల్లో బెంగళూరు ఒకటి. చదువుకోని స్త్రీలతో సహా అత్యధికులు ఆ గుర్తును మొదటి నెలలోనే పట్టుకోగలిగారు. అయితే గుర్తించిన రోజుల్లో భర్త కూడా నియమం పాటించనప్పుడు గర్భాలు ఎక్కువగా వచ్చాయి. విశ్వాసం ఒక మంచి పరిశోధనకు ప్రేరణ కాగలదని బిల్లింగ్స్ దంపతుల పని రుజువు చేస్తుంది. రాక్ పనికీ ప్రేరణ ఆ విశ్వాసమే; ఒకరికి శ్రీసభ పతకాలిస్తే మరొకరిని బహిరంగంగా విమర్శించింది.

1968 తరువాత రాక్ దివ్యబలిపూజకు వెళ్లడం క్రమంగా మానేశారు. జీవితమంతా రోజూ చేసిన పనిని చివరి ఏళ్లలో మానుకోవడం ఆయనకు తేలికైన విషయమై ఉండదు. న్యూ హాంప్‌షైర్‌లో 1984 డిసెంబరులో, 94 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.

తెలుగు నేలపై, విశ్వాసానికీ గర్భనిరోధానికీ మధ్య ఉన్న ఈ ప్రశ్న మరో రూపంలో ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకున్నవారే. మాత్ర వాడేవారు అతి స్వల్పం, శస్త్రచికిత్స చేయించుకున్న పురుషులు కూడా చాలా తక్కువే. శ్రీసభ దృష్టిలో ఆ శస్త్రచికిత్స కూడా దోషమే కాబట్టి, కథోలిక ఆసుపత్రులు దాన్ని చేయవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే కథోలిక నర్సులు, వైద్యులు మాత్రం రోజూ ఆ శస్త్రచికిత్సల గది గుమ్మంలోనే నిలబడుతున్నారు. తమ విచారణలోని తల్లులకు ఏం చెప్పాలో వారికి ఎవరూ నేర్పడం లేదు. జ్ఞానవివాహానికి ముందు జరిగే సన్నాహక తరగతుల్లోనూ, శ్రీసభ నడిపే నర్సింగ్ కళాశాలల్లోనూ ‘హ్యూమానే వీతే’ విశ్వలేఖను, రాక్ పుస్తకాన్ని, ప్యూర్టో రికో స్త్రీల చరిత్రను ఒకే బల్లమీద పెట్టి చదివించాలి. ఆ పని చేయగల గురువులు, వైద్యులు తెలుగు మేత్రాసనాల్లో ఉన్నారు, వారు పూనుకోవాలి.